బంగారం లాంటి వంశం

ముప్పై రెండేళ్ల సుహాసినికి ముట్లాగిపోయి ఏడాదైంది. రాజాంలోని అత్తింట్లో తీర్పు మాత్రం ఆ సంగతి తెలిసిన వారంలోనే వచ్చేసింది: నేరం కోడలిదే. న్యాయమూర్తి అత్త జగ్గమ్మ. శిక్ష, కొడుకు గిరిబాబుకి రెండో పెళ్లి. నెల్లిమర్లలో పిల్ల కూడా సిద్ధం. గిరిబాబు అభిప్రాయం ఎవరూ అడగలేదు. అడిగితే అమ్మనడిగి చెప్పేవాడు.

విచిత్రం ఏమిటంటే, జగ్గమ్మ సుహాసినికి సొంత మేనత్త. "మా రకతం బంగారం" అంటూ తమ్ముడి కూతుర్ని పట్టుబట్టి చేసుకుంది. ఇప్పుడా బంగారానికి తుప్పు పట్టిందట, అదీ సుహాసిని తల్లి వైపు నుంచి.

విడాకులకి డాక్టర్ కాగితం ఉంటే బలమని ముగ్గురూ శ్రీకాకుళం వెళ్లారు.

డాక్టర్ నీలవేణి రిపోర్టులు చూసింది. "నలభై లోపే ఆగడం కొన్ని కుటుంబాల్లో జన్యువుల వల్ల వస్తుంది. తల్లి వైపే కాదు, తండ్రి వైపు నుంచీ రావచ్చు. మీ ఇళ్లలో ఇంకెవరికైనా ఇలా జరిగిందా?"

"మా అమ్మకి యాభై దాటాకే ఆగింది" అంది సుహాసిని.

"మా వైపా?" జగ్గమ్మ నవ్వింది. "యాభై రెండేళ్లొచ్చేదాకా నెలకి మూడు రోజులు వీధరుగు మీద కూకున్నాను. ఊరంతా సాచ్చికం!"

"మీకు అమ్మాయిలున్నారా?"

"ఒకర్తి. దుర్గ. ఇరవయ్యారు. ఉజ్జోగం సేస్తంది, పెళ్లి అప్పుడే వొద్దంతంది."

"ఈ లోపం మీ రక్తంలో ఉంటే ఆమెకీ రావచ్చు. అప్పుడు పిల్లల కోసం ఆగడానికి టైముండదు. మీ వైపు లేదన్నారు కదా, భయం లేదు."

జగ్గమ్మ నవ్వు ఆగిపోయింది. గిరిబాబు ఫ్యాను వైపు చూస్తున్నాడు, సమస్యంతా అక్కడే ఉన్నట్టు.

"దుర్గకీ రాసియ్యమ్మా పరీచ్చ" అంది జగ్గమ్మ గొంతు తగ్గించి.

"ఎందుకత్తా? బంగారం కదా?"

"నోర్ముయ్యే! ముప్పై నాలుగేళ్లకే ఆగిపోనాది నాకు."

"మరి అరుగు మీద?"

"కూకున్నాను! నెలనెలా కూకున్నాను! తెలిస్తే మా అత్త ఊరుకుంతాదా? పైగా పొయ్యి కాడికి రావొద్దనేది ఆ మూడు రోజులే. ఆ సుకం ఎలా ఒగ్గుకుంతానే?"

ఏళ్ల తరబడి ఒక్క నెల కూడా తప్పకుండా నడిచిన నాటకం. ఏ దొంగకీ ఇంత క్రమశిక్షణ ఉండదు.

"అమ్మా, మరి నెల్లిమర్ల సమ్మందం?" గిరిబాబు మొదటిసారి నోరు తెరిచాడు. ఆశగా.

సుహాసిని అత్త ఫోన్ లాక్కుని, పిల్ల తండ్రి ఎర్రన్నకి కలిపి, స్పీకర్ పెట్టింది. "సెప్పత్తా. ఎవరి వైపు నుంచి వచ్చిందో కూడా సెప్పు. లేదంటే నేనే సెప్తాను. ఊరంతా సాచ్చికం సెప్పడానికి వస్తాది."

జగ్గమ్మ ఫోన్ వైపు వంగింది. "అన్నా, ఆ పెళ్లి మాట ఒగ్గీ. ఉన్న కోడలే మాకు కోడలు. లోపం... మా వొంశంలోదే."

"పిల్లడికేటైంది?" ఎర్రన్న కంగారుపడ్డాడు.

"ఆడికి బుర్ర లేదన్నా" అని పెట్టేసింది.

సుహాసిని కుర్చీ డాక్టర్ దగ్గరికి జరుపుకుంది. "ఇప్పుడు నా మందుల సంగతి సెప్పండమ్మా."