కమదో చేతికర్ర

పితరుల పండుగకు ఇంటికొచ్చిన ఆత్మలు తిరిగి వెళ్లేటప్పుడు ఊతంగా ఉండాలని మా ఒకినావాలో పీఠం పక్కన చెరుకుగడ పెడతాం. ఈ ఏడే పోయిన నా భార్య కమదో కోసం నేనూ పెట్టాను. చివరి రోజు పాటగాడు జెన్‌సే ఒక పొట్టి గడ తెచ్చాడు.

"నీ గడ నీ ఎత్తుకు కొట్టావన్నా. అది వదినకు అందదు."

"ఆమె ఎత్తు నీకెలా తెలుసురా?"

"నలభై ఏళ్లు ఈ పండుగకు నా పక్కనే ఎయిసా నాట్యం ఆడింది. నా భుజం దాటేది కాదు. నువ్వెప్పుడైనా వచ్చి చూశావా?"

నేనెప్పుడూ చూడ్డానికి వెళ్లలేదు. వాడు వెళ్లాక వాడి గడనే కొలతగా పెట్టి నా గడను నరికాను. తర్వాత వాడిదాన్ని మేకకు వేశాను.