తాగుడు మాన్పించే షెడ్డు

మధ్యాహ్నం గంట ఇంకా కొట్టలేదు. కత్తెరమ్మ ముందున్న సంచుల గుట్ట పొద్దుటి నుంచీ తరుగుతున్నట్టే ఉండి తరగడం లేదు. కుట్టుమిషన్ల దగ్గర్నుంచి వచ్చిన ప్రతి సంచికీ వేలాడే దారాలు కత్తిరించి, జిప్పు లాగి చూసి, అవతలి గుట్టలోకి విసరాలి. ఏళ్ళ తరబడి అదే పని. బొటనవేలి మొదట్లో కాయ కాసింది, మెడ ఓ పక్కకు ఒరిగింది, అసలు పేరు అందరూ మరిచిపోయి కత్తెరమ్మ అనే పిలుస్తున్నారు. సాయంత్రానికి గుట్ట మిగిలితే అరపూట కూలి కోస్తారు.

గంట కొట్టగానే కాపలావాడు వచ్చి చెల్లెలు గేటు దగ్గరుందని చెప్పాడు.

చెల్లెలు మూతికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. కత్తెరమ్మ ఆ చెయ్యి తీసి చూసింది. కింది పెదవి చిట్లి, వాచిపోయింది.

"మళ్ళీ కొట్టాడా?"

"నన్ను కొట్టడం పాతదే కదక్కా. నిన్న పిల్ల అడ్డమొస్తే దాన్నీ తోసేశాడు." చెల్లెలికి ఏడవడానికి కూడా ఓపిక లేదు. "బావ తాగుడు మాన్పించిన ఆ షెడ్డులో మా ఆయన్నీ వేయించక్కా. నీ కాళ్ళు పట్టుకుంటా."

ఆ మాట అడిగిన ఆడవాళ్ళలో చెల్లెలు మొదటిదీ కాదు, చివరిదీ కాదు.

ఆ సంచుల ఫ్యాక్టరీలో పూత షెడ్డు వేరే ఉంది. గుడ్డ మీద జిగురు పూసి, ఎండబెట్టి, తోలులా మెరిసేట్టు చేసేది అక్కడే. కత్తెరమ్మ మొగుడు అందులో చేరి రెండేళ్ళు. అంతకుముందు ఆయన తాగుడు సంగతి వీధి వీధంతా ఎరుగును. చేతిలో కాసు ఆడనప్పుడు ఇంట్లో దగ్గు టానిక్కు సీసా ఎత్తి గటగటా తాగేసేవాడు. అందులో కాస్త సారా కలుస్తుందట. ఆ సీసాని పప్పు డబ్బా వెనక దాచడం కత్తెరమ్మకు అప్పుడే అలవాటైంది.

షెడ్డులో చేరిన కొత్తలో ఓ సాయంత్రం ఆయన ఎప్పటిలాగే సారా సీసా తెచ్చుకుని రెండు గుక్కలు వేశాడు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించేలోగా ముఖం కందగడ్డయింది. తల రెండు చేతులా పట్టుకుని గోడకేసి కొట్టుకున్నాడు. సరుకు కల్తీదని దుకాణదారుణ్ణి తిట్టిపోశాడు. దుకాణం మార్చాడు, సరుకు మార్చాడు. పక్కింటాయన తాగి హాయిగా పాడుకుంటున్న సీసాలోంచే అడిగి పోయించుకున్నాడు. అయినా అదే పోటు. చివరికి సీసా పేరెత్తితేనే కణతలు నొక్కుకోవడం మొదలుపెట్టాడు.

షెడ్డులో ఉన్న మిగతా మగవాళ్ళదీ అదే కథ. వాళ్ళ పెళ్ళాల ఆనందానికి పట్టపగ్గాల్లేవు. షెడ్డు సూపర్‌వైజర్‌కి 'డాక్టరు' అని పేరు పెట్టేశారు. ఆయనకూ ఆ పేరు నచ్చింది. 'నేను కూడా చుక్క ముట్టనమ్మా' అని పెద్దమనిషిలా నవ్వేవాడు. ఇంట్లోకి కొత్త గిన్నెలు వచ్చాయి, పిల్లల ఫీజులు కట్టారు, రాత్రిళ్ళు కంటినిండా నిద్ర వచ్చింది. ఇంతకంటే ఏం కావాలి?

చెల్లెలి సంగతి విని డాక్టరు బుర్ర గీరుకున్నాడు.

"సోమవారం పంపించు, చేర్చుకుంటా. ఇద్దరు మనుషులు కడుపునొప్పని పడుకున్నారు, షెడ్డులో చేతులు తక్కువయ్యాయి. అప్పటిదాకా ఆ జాగాలో నువ్వు నిలబడు."

మేలు అడగడానికి వచ్చిన మనిషి కాదని ఎలా అంటుంది? నిలబడింది.

షెడ్డుకు కిటికీలున్నాయి గానీ, దుమ్ము పడితే పూత పాడవుతుందని మూసే ఉంచుతారు. జిగురును పల్చన చేసే ద్రావకాన్ని అక్కడివాళ్ళు తెల్లనీళ్ళంటారు. దాని వాసన పచ్చిచేపల వాసనలా గొంతుకు పట్టుకుంటుంది. ఇచ్చిన గ్లవుజులకు వేళ్ళ చివర్లు లేవు. చేతికంటిన జిగురు సబ్బుకు వదలదు, అందుకని పని దిగేముందు అందరూ తొట్టిలోని తెల్లనీళ్ళలోనే మోచేతుల దాకా ముంచి కడుక్కుంటారు. కత్తెరమ్మ కూడా కడుక్కుంది. శనివారానికి గొంతు గరగరలాడి దగ్గు పట్టుకుంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, పప్పు డబ్బా వెనకున్న టానిక్కు తీసి రెండు చెంచాలు తాగింది. దగ్గొచ్చినప్పుడల్లా ఆవిడ తాగేదే, పిల్లలకు పోసేదే. పొయ్యి వెలిగించబోతుంటే చెంపలు భగ్గుమన్నాయి. చెవుల్లో గుండె కొట్టుకుంది. ఆ వెంటనే నుదుటి మీద ఎవరో మేకు దిగగొట్టినట్టు పోటు. కూలబడిపోయింది.

మొగుడు లోపలికి వస్తూనే ఆవిడ ముఖం చూసి నవ్వాడు.

"ఏమే, నాకు తెలీకుండా మొదలెట్టావా?"

"టానిక్కయ్యా... రెండే చెంచాలు. తల పగిలిపోతోంది."

ఆయన నవ్వు ఆగిపోయింది. తడిగుడ్డ తెచ్చి ఆవిడ నుదుటి మీద వేసి, పక్కనే చతికిలబడ్డాడు. గుడ్డ వేడెక్కితే తిరగేసి వేశాడు.

"నాకూ ఇంతే," అన్నాడు చివరికి. "అచ్చం ఇలాగే."

"అయితే ఇది సీసాలో ఉన్నది కాదు. షెడ్డులోదే."

"షెడ్డులో అందరం అనుకునేదే."

కత్తెరమ్మ గుడ్డ తీసి ఆయన వంక చూసింది. రెండేళ్ళుగా చూడనట్టు చూసింది. బెల్టుకు మేకుతో పొడిచిన కొత్త చిల్లులు, లోపలికి పోయిన దవడలు, పచ్చబడిన కళ్ళు. కంచంలో సగం అన్నం వదిలేస్తుంటే పాత తాగుడు చేసిన చేటు అనుకుందే గానీ, ఇంకోలా అనుకోలేదు. ఆవిడకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"తెలిసీ చెప్పలేదేం?"

"ఏమని చెప్పను? నువ్వు కనబడిన వాళ్ళందరికీ మా ఆయన బాగుపడ్డాడని చెప్పుకుంటున్నావు. నీ మొహంలో అంత వెలుగు పెళ్ళయ్యాక నేనెప్పుడూ చూళ్ళేదు." ఆయన గోళ్ళలో ఎండిన జిగురు గిల్లుకుంటూ కూర్చున్నాడు. "పైగా అక్కణ్ణుంచి బయటికొస్తే మళ్ళీ తాగుతానేమోనని భయం. నా మీద నాకే నమ్మకం లేదే."

ఆయన్ని కొట్టాలనిపించింది, పట్టుకుని ఏడవాలనిపించింది. రెండింటికీ ఓపిక లేక కళ్ళు మూసుకుంది.

సోమవారం పొద్దున ఫ్యాక్టరీ గేటు ముందు చెల్లెలు ముందే వచ్చి ఉంది. పక్కన మరిది ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని, బడికి మొదటిరోజు వచ్చిన పిల్లాడిలా తల దించుకుని నిలబడ్డాడు. పనికి వచ్చిన ఆడవాళ్ళు నలుగురైదుగురు వాళ్ళ చుట్టూ చేరి ధైర్యం చెబుతున్నారు. డాక్టరు గేటు లోపల దగ్గుతూ ఎదురుచూస్తున్నాడు.

"ఇంటికి తీసుకుపోవే," అంది కత్తెరమ్మ. "ఈ షెడ్డు వద్దు."

చెల్లెలికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ముఖం మాడిపోయింది.

"నీ కాపురం చక్కబడింది కదక్కా. నాది చక్కబడితే నీ సొమ్మేం పోయింది?"

"అది మాన్పించడం కాదే. లోపల్నుంచి తినేస్తోంది. మీ బావని చూడు."

అందరూ చూశారు. ఆయన అన్నం క్యారేజీ పట్టుకుని వరుసలో వెనకగా నిలబడి ఉన్నాడు. అన్ని కళ్ళూ ఒక్కసారి మీద పడేసరికి, వదులైన ప్యాంటు పైకి లాక్కున్నాడు.

"పొద్దున్నే ఏంటమ్మా ఈ గోల?" డాక్టరు ముందుకొచ్చాడు. "నీ మొగుడు తాగుడు మానాడా లేదా? మంచి చేస్తే నిందలా?"

మాట పూర్తికాకుండానే దగ్గు తెర ముంచుకొచ్చింది. కత్తెరమ్మ ఆ దగ్గు ఆగేదాకా ఓపిక పట్టింది. తర్వాత సంచిలోంచి టానిక్కు సీసా, చెంచా తీసింది. చెంచా నిండా పోసింది. రెండు చుక్కలు నేల మీద పడ్డాయి.

"దగ్గుతున్నారు సార్. తాగండి. పిల్లలకు పోసేదే."

ఆయన సీసా వంక చూశాడు. దాన్ని గుర్తుపట్టాడు, అందులో సారా కలుస్తుందని ఆయనకూ తెలుసు. ముఖంలోని పెద్దమనిషి నవ్వు అలాగే ఉంది గానీ, కాళ్ళు వెనక్కి జరిగాయి.

"నాకొద్దు."

"ఒక్క చెంచా సార్."

"వద్దన్నాను కదా!" అని అరిచాడు.

ఆడవాళ్ళలో ఒకావిడ మెల్లగా తిరిగి, వరుసలో ఉన్న తన మొగుడి కళ్ళలోకి చూసింది.

పని మొదలయ్యే గంట కొట్టారు. డాక్టరు గిరుక్కున తిరిగి లోపలికి వెళ్ళిపోయాడు. చెల్లెలు అక్క దగ్గరకు వచ్చి, వాచిన పెదవి కదలకుండా అడిగింది.

"మరి ఈయన్నేం చెయ్యను అక్కా?"

కత్తెరమ్మ చెంచాలోది ఒలికిపోకుండా పట్టుకుని నిలబడింది. వరుసలోని వాళ్ళు కొందరు లోపలికి నడిచారు, కొందరు ఆగిపోయారు. ఆవిడ మొగుడు గేటు దాకా వచ్చి, ఇవతలే ఆగాడు. క్యారేజీ ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. ఒకసారి షెడ్డు వైపు చూశాడు, ఒకసారి వీధి చివర ఇంకా తలుపులు తెరవని సారా దుకాణం వైపు చూశాడు. తర్వాత ఆవిడ వైపు చూశాడు.