వానకు నిలిచిన కుర్చీలు

వానలు ఇంకో పది రోజుల్లో పడతాయనగా ఆమె తోటలో కుర్చీలన్నీ తిరగేసి వాటి మధ్య కూర్చుంది. ఏటా చేసే పనే. పాత మెరుగు ఊడేదాకా గరుకు కాగితంతో చెక్క గీతల వెంటే రుద్దాలి. దుమ్ము తుడిచి రెండు రోజులు ఎండనివ్వాలి. ఆపైన అవిసె నూనెలో కాస్త టర్పెంటైన్ కలిపి, పల్చగా, పూత మీద పూత వేయాలి. చివరికి ఒక్కో కాలినీ నూనె పోసిన గిన్నెలో నిలబెట్టాలి. "కుర్చీ నీళ్ళు తాగేది కాళ్ళతోనే తల్లీ, పైపై మెరుగులు చూసి మోసపోకు" అనేవాడు ఆమె తండ్రి. ఆయన వడ్రంగి.

ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ ఎత్తరు. కొత్త కోడలిగా ఓసారి ఊడిన గొళ్ళెం బిగిస్తుంటే అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. "ఆ చేతులు చూడు, కూలిదాని చేతుల్లా! ఎవరైనా చూస్తే మా పరువేం గాను?" భర్త ఆఫీసరు. "మీ నాన్నది కలప వ్యాపారమని చెప్పాను. నువ్వు నోరు జారకు" అన్నాడు. ఇరవై రెండేళ్ళుగా ఆమె జారలేదు. తోటలో కుర్చీలు పాడవుతుంటే మాత్రం "ఊరికే కూర్చునేదానివే కదా, నువ్వే చూడు. మనిషిని పెట్టడం దండగ" అన్నదీ ఆయనే. ఆయనకు ఆ చేతులు కావాలి, అవి ఎవరి చేతులో మాత్రం నలుగురికీ తెలియకూడదు.

నిరుడు ఊరి చివర గెస్ట్‌హౌస్ నడిపే ఆవిడ ఏదో సంతకం కోసం వచ్చి, ఈ తోటలోనే కూర్చుంది. కుర్చీ చేతిని నిమిరి, వాటి వయసు విని ఆశ్చర్యపోయింది.

"పద్నాలుగేళ్ళవా? నిన్న చేసినట్టున్నాయి! ఎవరండీ చేసేది? మా తాతగారి నాటి కుర్చీలు పన్నెండున్నాయి. వాటికి ఇలాంటి చెయ్యి పడాలి."

టీ తెస్తున్న ఆమెకు ప్రాణం లేచొచ్చింది. నోరు తెరిచేలోపే భర్త అందుకున్నాడు.

"మా దగ్గరో మనిషి ఉందిలెండి. వచ్చి చేసిపోతుంటుంది."

ఆమె కప్పులు అందించింది. నూనె మరకలున్న గోళ్ళు కనబడకుండా వేళ్ళు ట్రే కిందికి ముడుచుకుంది. ఆవిడ వెళ్ళాక మెల్లగా అడిగింది, "నేను వెళ్ళి చేసిరానా అండీ?"

"ఆఫీసరు పెళ్ళాం ఊళ్ళోవాళ్ళ కుర్చీలు తోముతుందా? భలేదానివే!" అని ఆయన నవ్వాడు. ఏం చేయాలో తోచక ఆమె కూడా నవ్వింది. ఏడాది పొడుగునా ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడల్లా తన మీద తనకే రోత పుట్టింది.

ఈసారి మధ్యలో నూనె అయిపోయింది. రంగుల కొట్టుకు వెళ్తే అక్కడ ఆ గెస్ట్‌హౌస్ ఆవిడే కనబడింది.

"మీ మనిషి ఊరు వదిలి వెళ్ళిపోయిందటగా? ఫోన్ చేస్తే మీవారు చెప్పారు. ఇంకెవరితోనో వార్నిష్ వేయిస్తే నాలుగు వానలకే పొట్టులా లేచిపోయిందండీ."

ఆమె నూనె డబ్బా కింద పెట్టింది.

"ఎక్కడికీ వెళ్ళలేదండీ. ఆ మనిషిని నేనే. మా నాన్న వడ్రంగి."

ఆవిడ కాసేపు ఆమె చేతుల వైపే చూసింది. తర్వాత, "ఒక్కసారి వచ్చి చూస్తారా?" అంది.

గెస్ట్‌హౌస్ తోటలో ఆమె కుర్చీలను ఒక్కొక్కటే తిరగేసింది. పైన వార్నిష్ ఇంకా అక్కడక్కడా మెరుస్తూనే ఉంది. కింద కాళ్ళలో గోరు నొక్కితే తడిసిన బెండులోకి దిగినట్టు దిగిపోయింది. ఏడు కుర్చీలు అలాగే ఉన్నాయి. తాతగారు కూర్చునేదట, చేతులు వెడల్పుగా ఉన్న పెద్ద కుర్చీ, అదీ వాటిలోనే ఉంది.

"నిరుడే మీ చేతిలో పడి ఉంటే?" ఆవిడ అడిగింది.

"పన్నెండూ బతికేవి."

అబద్ధం ఆడింది ఆయన. దానికి ఏడాదంతా కాపలా కాసింది తనే. తను నోరు నొక్కుకుంటే పోయేది తన ఒక్కదానిదేనని అనుకుంది ఇన్నాళ్ళూ.

"మిగిలిన ఐదూ ఎండలో బోర్లించి పెట్టించండి. రేపు పొద్దున్నే వస్తాను."

ఆవిడ కాస్త తటపటాయించింది. "మరి... మీవారిని అడగాలేమో కదండీ?"

"చెప్తాను" అంది ఆమె. అడుగుతానని అనలేదు.