తలుపు తీసినప్పుడల్లా వంగే మెడ

గిన్నెలు తోముతుంటే మెడ లాగి, కుడిచేతి వేళ్ళు మళ్ళీ తిమ్మిరెక్కాయి. గ్లాసు జారి సింకులో పడింది. హాల్లోంచి మా ఆయన గొంతు వెంటనే లేచింది. "పొద్దస్తమానం తలొంచుకుని కట్టుడు పళ్ళు చెక్కుతుంటే మెడ పాడవక ఏమవుతుంది? ఉద్యోగం మానెయ్యమంటే వినవు." అత్తగారు వంతపాడారు. "మన మాట ఎవరు వింటారు నాయనా!"

నేను కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో పనిచేస్తాను. డాక్టర్లు పంపిన అచ్చుల మీద మైనంతో ఒక్కో పన్నూ తీర్చిదిద్దుతాను. ఎవరో ముసలాయన మళ్ళీ నోరారా నవ్వేది నా వేళ్ళ పుణ్యానే. ఇంట్లో నాకు పేరు రాలేదు గానీ ఆ బల్ల దగ్గర నా చేతికి మంచి పేరుంది. ఆ పని పోతే నాకంటూ ఏం మిగలదు. అయినా పోరు పడలేక, ఫిజియోథెరపీ ఆవిడ మానెయ్యమంటే మానేస్తానని మాటిచ్చి, బిక్కుబిక్కుమంటూ ఆవిడ దగ్గరికి వెళ్ళాను. మా ఆయన బయట కుర్చీలో ధీమాగా కూర్చున్నారు.

"ల్యాబులో ఎలా కూర్చుంటారో చూపించండి" అందావిడ. మా బల్ల ఛాతీ ఎత్తున ఉంటుంది. మోచేతులు దానికి ఆనించి, అచ్చును కళ్ళ దగ్గరికి తెచ్చుకుంటాం. అలాగే కూర్చుని చూపించాను. ఆవిడ చుట్టూ తిరిగి చూసి, "ఇది బాగానే ఉందే! చెవి సరిగ్గా భుజం మీదే ఉంది" అంది. సంతోషంతో నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తరవాత గోడకి వీపు ఆనించి నిలబడమంది. మడమలు ఆనాయి, వీపు ఆనింది, తల మాత్రం ఆనలేదు. గడ్డం పైకెత్తబోయాను.

"ఎత్తకండి. ఎవరో ముద్దు పెట్టుకోబోతే వద్దని వెనక్కి జరిగినట్టు, గడ్డాన్ని వెనక్కి లాగండి."

నవ్వొచ్చింది. అలా జరగడం నాకు బాగానే వచ్చు. తల గోడకి ఆనింది. మెడ వెనక ఏళ్ళ నాటి ముడి విడినట్టయింది.

"తల భుజాల మీద నిలబడితే ఎముకలు మోస్తాయి, ముందుకి వాలితే కండరాలు లాగి పట్టుకోవాలి. నీళ్ళ బకెట్టు ఒంటికి ఆనించి మోయడానికీ, చెయ్యి చాచి పట్టుకోవడానికీ ఉన్నంత తేడా. మెడలో నరం నలగడం వల్లే మీ వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి" అని చెబుతోంది ఆవిడ. ఇంతలో మా ఆయన తలుపు తీసి, "ఇంకా అవలేదా?" అన్నారు.

ఆవిడ నన్నే చూస్తూ, "ఒక్కసారి బయటికెళ్ళి మళ్ళీ రండి" అంది ఆయనతో. వెళ్ళి వచ్చారు. "మరోసారి." మూడోసారికి ఆయనకి చిర్రెత్తింది. "మెడ నొప్పి మా ఆవిడకా, నాకా?" అని విసుక్కుని తలుపేసి పోయారు.

"ఆయన వచ్చినప్పుడల్లా మీ తల ముందుకి పడుతోంది, మోకాళ్ళు వంగుతున్నాయి. మీకు తెలుసా?" అంది ఆవిడ.

తెలీదు. ఒట్టు, తెలీదు. పెళ్ళి ఫోటోల్లో ఆయన పక్కన నిలబడగానే ఫోటోగ్రాఫరు "మీరు కొంచెం కిందికి, మేడమ్" అన్నాడు. అత్తగారు "ఆడపిల్లకి అంత పొడుగెందుకు, బట్ట దండగ" అని నవ్వారు. మా అమ్మ నా చెవిలో "ఒదిగి ఉండవే" అంది. ఒదిగాను. మడమల్లేని చెప్పులు కొన్నాను. బజారుకెళితే ఆయన్ని ఫుట్‌పాత్ మీద నడవనిచ్చి నేను రోడ్డు మీద నడిచాను. వంటింటి గట్టు అత్తగారి ఎత్తుకి కట్టించింది. ఆవిడ వంట మానేసి ఏళ్ళయినా నేను మూడు పూటలా దాని ముందు వంగుతూనే ఉన్నాను. మళ్ళీ ఎవరూ నన్ను వంగమనలేదు, వాళ్ళకా శ్రమ లేకుండా నేనే చూసుకున్నాను. ఒళ్ళు మండిపోయింది. ముందు ఆయన మీద, తరవాత నా మీద.

"అయితే ఉద్యోగం మానక్కర్లేదా?" అన్నాను.

"మానితే ఇంకా పాడవుతుంది. రోజు మొత్తంలో మీ మెడ నిటారుగా ఉండేది అక్కడే."

గుండెల మీంచి బండ దింపినట్టయింది. ఆవిడ చేతులు పట్టుకుని ఊపేశాను.

బయటికి రాగానే మా ఆయన లేచారు. "ఏమంది? మానెయ్యమందా?"

"మానొద్దంది. వంటింటి గట్టు ఎత్తు పెంచాలి. రేపు మేస్త్రీని పిలుస్తున్నాను" అని గడ్డం వెనక్కి లాగి, ఆయన పక్కనే నిలబడ్డాను. ఆయన చూపు నా భుజం దగ్గర మొదలై, చెవి దాటి, పైకి వెళ్ళింది.

"నువ్వు నాకంటే ఇంత పొడుగా?"

"పెళ్ళినాటి నుంచీ ఇంతేనండీ. ఇంకా దాచే ఓపిక నా మెడకి లేదు."