మిగిలితే ఒకటి కలుపు

రాజాంలో బట్టల వర్తకుడు నగరేశ్వరరావు ఏటా ఒక్క పేదింటి బిడ్డకి హాస్టలుతో సహా ప్రైవేటు బళ్లో చదువు చెప్పిస్తాడు. పరీక్ష లెక్కల్లోనే. అవి బట్టీ లెక్కలు కావు, బుర్ర పెట్టి చేయాల్సినవి. ఈసారి ఆ సీటు తన అయిదో తరగతి సుహాసినిదేనని అనూరాధ టీచరు ధీమా. రాకపోతే ఆ పిల్ల చదువు అయిదుతో సరి. పై బడికి మూడు మైళ్లు పంపనని తల్లి దాలమ్మ తెగేసి చెప్పేసింది.

టీచరు నిరుటి పేపరు సంపాదించి మొదటి లెక్క ఇచ్చింది. ముప్ఫైమంది పిల్లలు అరసవల్లి వెళ్లాలి, ఆటోకి ఎనిమిదిమంది, ఎన్ని ఆటోలు కావాలి?

"మూడు సాలు టీచర్," అంది సుహాసిని చటుక్కున. "ఆరుగురు మిగుల్తారు. ఒక్కో ఆటోలో డ్రైవరుకి అటొకలు, ఇటొకలు కూకుంటారు."

ఎంత చక్కగా తేల్చింది! టీచరుకి మాత్రం ఒళ్లు మండింది.

"ఒసే, నీ తెలివి తెల్లారినట్టే ఉంది! జవాబు నాలుగు. మిగిలితే ఒకటి కలుపు, అంతే. ఎక్కువ ఆలోచించకు."

నెల్లాళ్లూ అదే పాఠం. ఆలోచించే లెక్కల్ని ఎక్కాల్లా వల్లె వేయించింది మహాతల్లి. నిద్రలో లేపి అడిగినా పిల్ల "మిగిల్తే ఒకటి కలుపు" అనేది.

పరీక్షలో నగరేశ్వరరావు తన కొట్టు సంగతే అడిగాడు. చొక్కాకి రెండు మీటర్లయితే, పదమూడు మీటర్ల గుడ్డలో ఎన్ని చొక్కాలొస్తాయి? సుహాసిని ఏడని రాసింది. ఆయన పేపరు చూసి పిల్లనీ టీచరునీ పిలిచాడు.

"ఏటమ్మా, ఏడో సొక్కాకి గుడ్డేదీ?"

"నేదండి. ఆరే వొస్తాయి. మాయమ్మ మిషను కుడతాది, నాకు తెల్సు."

"మరి ఏడెందుకు రాసినావు?"

పిల్ల టీచరు వైపు చూసింది. "మిగిల్తే ఒకటి కలపమన్నారు కదండి."

అనూరాధకి తల కొట్టేసినట్టయింది. "తప్పు నాదండీ! ఇంకొక్క లెక్క ఇచ్చి చూడండి," అని బతిమాలింది.

"మంచి పిల్లేనమ్మా. కానీ తెల్సీ రాయనేదు. ఏటి సేస్తాం," అంటూ ఆయన తర్వాతి పేపరు అందుకున్నాడు.

సీటు బొబ్బిలి కుర్రాడికి పోయింది. తిరుగు బస్సులో అనూరాధకి ఏడుపు ఆగలేదు. చేతులారా పిల్ల నోట మట్టి కొట్టింది, ఇంకెవర్ని తిట్టుకుంటుంది? చివరికి సుహాసినే ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఏడవకండి టీచర్. మనుసులైతే కలపాల, గుడ్డైతే వొదిలెయ్యాల. ఇంకా ఏటేటి ఉంటాయో అయ్యి కూడా సెప్పీండి, బట్టీ పట్టేస్తాను."