కట్లక్క మాట

మోచేతుల దాకా సబ్బు నురగ పట్టించి, గోళ్ల సందుల్లో బ్రష్షుతో రుద్దుకుంటూ కట్లక్క వెనక్కి తిరిగి చూసింది. వడ్రంగి అప్పటికే చొక్కా విప్పి బల్ల మీద బోర్లా పడుకున్నాడు. నిన్ననే డాక్టరమ్మ అతని వీపు మీద నిమ్మకాయంత కొవ్వుగడ్డ తీసి కుట్లు వేసింది. పక్కన అతని తల్లి చేతిసంచిని పొట్టకు హత్తుకుని నిలబడింది.

కట్లక్కకు ఇంట్లో పెట్టిన పేరు ఒకటుంది. ఈ చిన్న ఆసుపత్రిలో నేల తుడవడానికి చేరి, కట్లు కట్టడం నేర్చుకుని, తల నెరిసేదాకా ఈ గదిలోనే ఉండిపోయేసరికి, ఆ పేరుతో పిలిచే మనిషి చెల్లెలు ఒక్కతే మిగిలింది. ఒకప్పుడు పెళ్లి మాట ఎత్తితే, "ఇంతమందిని కట్టేసేదాన్ని నేను, నన్ను కట్టేసేదెవరు?" అని నవ్వేసేది.

తొడుగులు వేసుకుని, బల్ల పక్కనున్న చెక్కపీట ఎక్కి పాత కట్టు తీసింది. కోత రెండంచులూ పొందికగా కలిశాయి. ఎరుపు లేదు, వాపు లేదు. బాగుందని చెప్పింది.

తల్లి ఊరుకోలేదు. డాక్టరమ్మ నొప్పి మాత్రతో సరిపెట్టిందట, ఒక్క క్యాప్సూలైనా రాయలేదట. డాక్టరమ్మకు ఓసారి, మందులిచ్చే కిటికీ దగ్గర ఓసారి మొరపెట్టుకుని, చివరికి ఇక్కడ మొదలుపెట్టింది.

కట్లక్కకు ఇది కొత్త కాదు. ఒకప్పుడు ఇక్కడా గోరు తీసినా, పులిపిరి తీసినా బఠాణీల్లా క్యాప్సూల్స్ పంచేవాళ్లు. అలా ఊరికే మింగిన వాటితోనే చెల్లెలికి ఒళ్లంతా దద్దుర్లు లేచి, మొహం గుమ్మడికాయలా ఉబ్బింది. తర్వాత వచ్చిన ఈ డాక్టరమ్మ, శుభ్రమైన చోట శుభ్రంగా కోసిన చిన్న కోతకు చాలావరకు యాంటీబయాటిక్ అక్కర్లేదని, అయినదానికీ కానిదానికీ వాడితే అవసరమైన రోజున అది పనిచేయకుండా పోతుందని చెప్పినప్పుడు, అందరికంటే ముందు తలూపింది కట్లక్కే.

కానీ ఈ తల్లి పోట్లాటకు రాలేదు. గొంతు తగ్గించి చెప్పింది. పెద్దకొడుకు కాల్లో తుప్పు పట్టిన మేకు దిగితే, అదే మానుతుందిలే అనుకున్నారు. మందు పడేసరికి చెయ్యి దాటిపోయింది.

"ఇద్దర్లో వీడొక్కడే మిగిలాడమ్మా."

కట్లక్క ఆమెను కుళాయి దగ్గరికి తీసుకెళ్లి చేతులు కడిగించింది. ఆమె వేళ్లు పట్టుకుని కొడుకు వీపు మీద ఒకసారి కుట్లకు దూరంగా, ఒకసారి పక్కగా ఆనించింది.

"తేడా తెలుస్తోందా?"

"లేదు. రెండుచోట్లా ఒకేలా ఉంది."

"మనకి కావాల్సింది అదే. ఆ మేకు మురికిని లోపలికి మోసుకెళ్లింది, దానికి మందు పడాల్సిందే. ఇది అది కాదు. ఎరుపు పాకినా, వేడెక్కినా, చీము కనబడినా, జ్వరం తగిలినా పరుగెత్తుకురా. డాక్టరమ్మని నేనే అడిగి మందిప్పిస్తా. నేనెక్కడికి పోతాను, ఇక్కడే ఉంటాగా."

"మీ ఇద్దరి మాటలూ అయ్యాక నా చొక్కా ఇప్పించండి" అన్నాడు వడ్రంగి బల్ల మీద నుంచి.

కొత్త కట్టు పడింది. అయినా తల్లి మనసు కుదుటపడక వరండా బల్ల మీదే కూర్చుండిపోయింది. అంతలో పాలు పోసే అతను కుంటుకుంటూ లోపలికి వెళ్లి, పిక్కకు కట్టుతో, చేతినిండా క్యాప్సూల్స్‌తో బయటికి వచ్చాడు. ఆమె చటుక్కున లేచి కట్లక్క గది గుమ్మంలోకి వచ్చింది.

"మరి అతనికి ఇచ్చారుగా?"

"అతన్ని కరిచింది కుక్క. మీవాణ్ని కోసింది డాక్టరమ్మ."

తల్లి నవ్వాపుకోలేకపోయింది. కొడుకు చెయ్యి పట్టుకుని మెట్లు దిగింది.

పొద్దు వాలేవేళ కట్లక్క గది సర్ది, కాసేపు కళ్లు మూసుకుంటానని కిటికీ పక్క కుర్చీలో వెనక్కి వాలింది. ఇంటికి బయల్దేరుతూ డాక్టరమ్మ లేపబోయింది. చెయ్యి ఇంకా వెచ్చగానే ఉంది, నాడి లేదు. ఇంట్లో చెల్లెలు ఇద్దరికీ అన్నం వండి ఎదురుచూస్తోంది.

కుట్లు విప్పే రోజున తల్లీకొడుకులు మళ్లీ వచ్చారు. ఈ మధ్యలో ఓ పూట కొడుకు వీపు వెచ్చగా తోచి, ఆమె మందుల కొట్టు దాకా వెళ్లింది. "ఇక్కడే ఉంటాగా" అన్న మాట గుర్తొచ్చి, తెల్లారాక అక్కనే అడుగుదామని తిరిగొచ్చింది. తెల్లారేసరికి వేడి లేదు.

కట్లక్క ఏదని అడిగితే కొత్త నర్సు చెప్పింది. కుట్లు విప్పడం అయ్యాక తల్లి, ఎవరూ చెప్పకుండానే కుళాయి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుని, కొడుకు వీపు మీద వేళ్లు ఆనించింది.

"మానింది" అంది, ఎవరికో అప్పజెబుతున్నట్టు.

కొత్త నర్సు పొడగరి. బల్ల కింద అడ్డంగా తగిలిన చెక్కపీటను కాలితో తోయబోయి ఆగి, వంగి చేత్తో గోడవారకు జరిపింది. పొట్టి మనిషి ఇన్నేళ్లు ఎక్కి నిలబడిన ఆ పీట మీద, రెండు పాదాల మేర రంగు పోయి చెక్క నున్నగా మెరుస్తోంది.