మాటల గది

పెనం మీద జొన్నరొట్టె పొంగుతుండగా సుచరితకు ఊపిరాడలేదు. గుండె దడదడలాడింది, చేతులు చల్లబడ్డాయి. చచ్చిపోతున్నాననిపించి గోడకు ఆనుకుంది.

"రొట్టె మాడుతాంది, సోయి లేదా?" అత్త కృష్ణమ్మ ముందు గదిలోంచే కేకేసింది.

సుచరిత మాడినదాన్ని తన పళ్లెంలో వేసుకుని ఇంకొకటి తట్టింది. షాద్‌నగర్ అవతల మందుల కంపెనీలో ఆమె పని. కంపెనీ బస్సు వచ్చేలోగా అందరికీ టిఫిన్ డబ్బాలు కట్టాలి, బట్టలు నానబెట్టాలి. ఊపిరి అందినా అందకపోయినా అవి ఆగవు.

కొన్నాళ్లకు ఆమె ప్యాకింగ్ మిషన్ దగ్గరే కూలబడింది. మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానలో పరీక్షలన్నీ చేసిన డాక్టరు, గుండె బాగానే ఉందనీ, ఇది లోపల పేరుకున్న భయమనీ చెప్పి కౌన్సెలర్ మెహ్రీన్ దగ్గరికి పంపింది.

"మాటలతోని రోగం తగ్గుతదా?" భర్త రఘుపతి నవ్వాడు. "మాట్లాడాల్నంటే ఇంట్ల నేను లేనా?"

ఉన్నాడు. అంగీ ఏది, చాయ్ అయిందా, అమ్మకు గోలీలిచ్చినవా అని రోజూ మాట్లాడుతూనే ఉన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆ మాటల్లో తన గురించిన ప్రశ్న ఒక్కటైనా ఉందా అని సుచరిత బస్సులో వెతుక్కుంది. దొరకలేదు.

"పని లేనోళ్లకొస్తయి గీ రోగాలు," అంది కృష్ణమ్మ, కోడలు ఉతికిన చీర కోడలి చేతే మడత పెట్టించుకుంటూ.

మెహ్రీన్ వయసులో చిన్నది, నెమ్మదైన మనిషి. "దడ మొదలైనప్పుడు మనసుల ఏ మాటొస్తది అక్కా?" అని అడిగింది.

"సచ్చిపోతున్న అని."

"ముందుగాల గూడ గట్లనే అనిపించింది గదా. ఏమైంది?"

"ఏం కాలె మేడం. జరసేపటికి తగ్గింది."

"మల్ల వస్తే ఆ మాటనే అడుగుండ్రి, నిజమేనా అని."

అడగడం నేర్చుకుంది. మిషన్ దగ్గర దడ వచ్చినా నిలబడగలిగింది. కానీ 'నేను చేతగానిదాన్ని' అనే మాట మాత్రం ఎంత అడిగినా కదల్లేదు. ఇల్లంతా దానికే సాక్ష్యం చెబుతోంది కదా. అప్పుడు మెహ్రీన్ ప్రశ్నలు మానేసి, వినడం మొదలుపెట్టింది. సుచరిత మాటల్లో ఎక్కడెక్కడికో వెళ్లింది. మధ్యలో ఆగిన డిగ్రీ, అందరూ తిన్నాక గిన్నె అడుగున మిగిలింది తినే తల్లి, ఆ తల్లిని చూసి ఆడవాళ్లు ఇలాగే ఉండాలనుకున్న చిన్నప్పటి తను. ఏడ్చింది. ఎవరూ సముదాయించకుండా ఏడుపు పూర్తయ్యేదాకా ఏడవడం ఆమెకదే మొదటిసారి.

తర్వాత మెహ్రీన్ ఆమెను, ఇలాంటి బాధలున్న ఆడవాళ్లంతా గుండ్రంగా కూర్చుని మాట్లాడుకునే చోటికి పంపింది. అక్కడ ఆత్మకూరు నుంచి వచ్చిన సోమమ్మ తన రోజంతా ఎలా గడుస్తుందో చెప్పి, "మా ఇంట్ల నన్ను దేనికి పనికిరానిదాన్ని అంటరు. నిజమే గావచ్చు," అంది. సుచరితకు ఒళ్లు మండింది. "పొద్దుగాల లేస్తే పొలం పని, ఇంటి పని నువ్వే చేస్తవు గదా! పనికిరానిదానివి ఎట్లయితవు?" అని గట్టిగా అంది. అన్నాక ఆ మాట తన చెవులకే వినిపించింది. ఇంటిదారంతా వినిపిస్తూనే ఉంది.

చివరికి మెహ్రీన్ రఘుపతిని కూడా పిలిపించింది. గొణుక్కుంటూనే వచ్చాడు. నియమం ఒక్కటే: ఒకరు చెప్పాలి, రెండోవాళ్లు జవాబివ్వకుండా తాము విన్నది తిరిగి చెప్పాలి.

"నేను అలిసిపోయిన," అంది సుచరిత. "కంపెనీల నిలవడి నిలవడి వస్త. ఇంటికొచ్చినంక మల్ల నిలవడుత. తిన్నవా అని ఒక్కలు అడగరు."

"కంపెనీ మానేస్తదంట మేడం. నేనేమన్న వద్దన్ననా?"

"ఆమె గట్ల అనలేదన్నా. మల్ల వినుండ్రి."

మళ్లీ చెప్పింది. "మా అమ్మ మీద చాడీలు చెప్తాంది," అన్నాడు. మెహ్రీన్ తల అడ్డంగా ఊపింది. సుచరిత గొంతు పెంచకుండా, ఒక్క మాట కూడా తగ్గించకుండా మళ్లీ చెప్పింది.

రఘుపతి నేలవైపు చూశాడు. "అలిసిపోయిన అంటాంది," అన్నాడు మెల్లగా. "తిన్నవా అని... నేను గూడ అడగలేదు."

మెహ్రీన్ అతనివైపు తిరిగి, "ఇప్పుడు మీరు చెప్పుండ్రి అన్నా. అక్క విని తిరిగి చెప్తది," అంది.

రఘుపతి నోరు తెరిచాడు. అంతలో సుచరిత చెయ్యెత్తి ఆపింది.

"నేను తిరిగి చెప్ప మేడం. ఇన్నేండ్లు ఈయన చెప్పినవి విన్న, చెప్పనివి గూడ మొఖం చూసి తెలుసుకున్న. ఈయన వంతు నేను ఎప్పుడో విన్న. ఇయ్యాల మొత్తం నాదే."

నియమం తప్పిన ఆ మాటకు మెహ్రీన్ ఒక్క క్షణం తడబడింది. తర్వాత నవ్వి కుర్చీలో వెనక్కి వాలింది. రఘుపతి నోరు మూసుకుని, తన కుర్చీని భార్యవైపు తిప్పుకున్నాడు.

సుచరిత నిండుగా ఊపిరి పీల్చుకుంది. పెళ్లయిన మర్నాటి పొద్దుతో మొదలుపెట్టింది.